వంకర గీతలు, వదలని పాఠకులు

2009లో జపాన్‌లో 'వన్' అన్న కలం పేరుతో ఒక యువకుడు తన సొంత వెబ్‌సైటులో బొమ్మల కథ ఒకటి మొదలుపెట్టాడు. దాని పేరు వన్-పంచ్ మ్యాన్. ఎంతటి శత్రువునైనా ఒక్క గుద్దుతో పడగొట్టగలిగి, ఆ కారణంగానే బతుకు మీద విసుగెత్తిపోయిన బట్టతల వీరుడు సైతామా దాని కథానాయకుడు. ఆ బొమ్మల్లో చేతులు భుజాలకు సరిగా అతికినట్టుండవు. వేళ్ళు లెక్కకు మాత్రమే ఉంటాయి. మేడలన్నీ పెట్టెలు. మర్యాదగల పత్రికా సంపాదకుడెవరైనా మొదటి పేజీ చూడగానే తిప్పి పంపివుండేవాడు. కాని పాఠకులు వచ్చారు, వచ్చినవారు నిలిచారు. ఐషీల్డ్ 21కి బొమ్మలు వేసి అప్పటికే పేరు గడించిన యూసుకే మురాతా ఆ కథకు ముగ్ధుడై, దాన్ని తాను మళ్ళీ గీస్తానని ముందుకొచ్చాడు. 2012 నుంచి ఆ కొత్త రూపం వెలువడసాగింది. 2015లో యానిమేగా వచ్చి ప్రపంచమంతా చూసింది.

ఈ ఉదంతం నుంచి, కొత్తగా వెబ్ కామిక్ మొదలుపెట్టినవారు రెండు పాఠాలు తీసుకుంటూ ఉంటారు. కథ బాగుంటే చాలు, బొమ్మ ఎలా ఉన్నా ఫరవాలేదన్నది ఒకటి. ఎంత చెప్పినా చెయ్యి తిరిగిన చిత్రకారుడు పూనుకున్నాకే గదా లోకం చూసింది, కాబట్టి ముందు బొమ్మలు బాగా నేర్చుకుని ఆ తర్వాతే పాఠకుల ముందుకు వెళ్ళాలన్నది రెండోది. చూడబోతే ఇవి పరస్పర విరుద్ధాలు. నిజానికి రెండూ ఒకే పొరపాటు మీద నిలబడ్డవి. బొమ్మ అంటే శరీర నిర్మాణం, దూరం దగ్గరల కొలత, నీడ, రంగు మాత్రమేననీ, ఆ లెక్కన 'వన్'కు బొమ్మ రాదనీ రెండూ ముందే ఒప్పేసుకుంటాయి. అతని పేజీని కాస్త ఓపికగా చూస్తే ఆ ఒప్పుకోలు నిలవదు.

ఏముంది ఆ పేజీలో? కన్ను ఎక్కడ మొదలుకావాలో, ఎటు జరగాలో, ఎక్కడ ఆగాలో ఎక్కడా సందేహం రాదు. రాక్షసుడు గడి తర్వాత గడిలో తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటూ పోతాడు, మాటల బుడగలు కిక్కిరిసిపోతాయి. ఎదురుగా సైతామా ముఖం, కోడిగుడ్డు మీద రెండు చుక్కలు పెట్టినట్టు, చలనం లేకుండా ఉంటుంది. ఆ తర్వాత ఒక్క గడి, ఒక్క గుద్దు. నవ్వు పుట్టేది ఆ కొలతలోంచి. మురాతా ఈ సంగతి గ్రహించినవాడు గనకనే, రాక్షసుల పొలుసులూ కూలే భవనాల ఇటుకలూ విడివిడిగా గీసినా ఆ గుడ్డు ముఖాన్ని మాత్రం చాలాచోట్ల గుడ్డుగానే ఉంచాడు. ఐతే ఆయన యుద్ధ ఘట్టాలు పేజీల తరబడి సాగినప్పుడు మూలంలోని హాస్యం కొంత పలచబడిన మాట కూడా వాస్తవం. కన్ను ఇటుకల దగ్గర ఆగిపోతుంది, నవ్వు ముందుకు వెళ్ళిపోతుంది. 2012లోనే 'వన్' తన చేతి గీతతోనే మాబ్ సైకో 100 అనే మరో కథ మొదలుపెట్టాడు. దానికి తర్వాత షోగాకుకాన్ పురస్కారం వచ్చిందంటే, పురస్కారమిచ్చినవారు ఆ వంకర గీతలను క్షమించి ఇచ్చారనుకోవడం కష్టం.

స్కాట్ మెక్లౌడ్ 1993లో రాసిన అండర్‌స్టాండింగ్ కామిక్స్‌లో చెప్పిన ప్రధానమైన సంగతుల్లో ఒకటి: బొమ్మల కథలో స్థలమే కాలం. ఒక గడికీ మరో గడికీ నడుమ ఉన్న ఖాళీలో జరిగినదాన్ని పాఠకుడే పూరించుకుంటాడు. గడి వెడల్పైతే క్షణం సాగుతుంది, ఇరుకైతే తరుగుతుంది. వైద్యులకు ఈ భావం కొత్తది కాదు. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది. దాని మీద అడ్డంగా కొలిచిన దూరమంతా కాలమే. ఆ గీతకు అందం అక్కర్లేదు, వణక్కుండా ఉంటే చాలు. రెండు శిఖరాల మధ్య దూరం సరిగ్గా పడిందా లేదా అన్నదే రోగి బతుకును తేలుస్తుంది. బొమ్మల కథలోనూ పాఠకుడు ముందుగా చదివేది ఈ దూరాలనే. వేళ్ళు ఐదున్నాయో నాలుగున్నాయో చూసేది ఆ తర్వాత, చూస్తే.

రాండల్ మన్రో ఎక్స్‌కేసీడీ దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం. భౌతికశాస్త్రం చదివిన మన్రో తన నోటు పుస్తకాల అంచుల్లో గీసుకున్న బొమ్మలను స్కాన్ చేసి 2005లో వెబ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. మనుషులకు ముఖాలుండవు, గుండ్రటి తల, నాలుగు పుల్లలు, అంతే. బొమ్మ రానివాడి పని అని కొట్టిపారేయడం సులువు. కాని ఆ పుల్ల మనిషి నిలబడ్డ తీరులో, తల వంచిన కోణంలో, ఇద్దరి మధ్య వదిలిన ఖాళీలో విసుగు, ఉత్సాహం, బిడియం వేరువేరుగా తెలుస్తాయి. 2013లో ఆయన 'టైమ్' అనే ఒకే కామిక్‌ను నాలుగు నెలల పాటు కొంచెం కొంచెంగా మారుస్తూ 3,099 చిత్రాలుగా నడిపాడు. ఇసుక కోట కట్టే ఇద్దరు పుల్ల మనుషుల కథ అది. మరుసటి ఏడు దానికి హ్యూగో బహుమతి వచ్చింది. ముఖం లేని మనిషి కోసం పాఠకులు నాలుగు నెలలు ఎదురుచూశారంటే, ముఖం గీయకపోవడమే అతని కళ అని చెప్పడం అతిశయోక్తి. మిగిలినవన్నీ సరిగ్గా గీశాడు గనక ముఖం అవసరపడలేదు.

పుల్ల మనుషులతోనే 2003 నుంచి ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్ నడిపిన రిచ్ బర్లూ, 2012లో తన పాత సంపుటాలను మళ్ళీ అచ్చువేసుకోవడానికి పాఠకులను చందా అడిగితే 12 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. భారతదేశంలో రచితా తనేజా 2014 నుంచి గీస్తున్న శానిటరీ ప్యానెల్స్ కూడా పుల్ల మనుషులదే. ఆ గీతలకు ఎంత పదును ఉందంటే, 2020లో సుప్రీంకోర్టు ధిక్కారం కింద ఆమెపై చర్యకు అటార్నీ జనరల్ సమ్మతి ఇచ్చేదాకా వెళ్ళింది. చదవడానికి వీలుకాని బొమ్మకు ఎవరూ అంత విలువ ఇవ్వరు.

కెనడావాసి రయాన్ నార్త్ ఇంకో అడుగు ముందుకు వెళ్ళాడు. 2003లో మొదలైన డైనోసార్ కామిక్స్‌లో ఆరు గళ్ళ బొమ్మలు ప్రతిరోజూ అవే. మాటలు మాత్రమే మారతాయి. ఇదేదో పాశ్చాత్యుల వింత అనుకోనక్కర్లేదు. చందమామ పాఠకులు దశాబ్దాల పాటు బేతాళ కథలను శంకర్ గీసిన ఒకే బొమ్మతో మొదలుపెట్టారు. చేతిలో కత్తి, భుజాన శవం, చీకటి శ్మశానంలో విక్రమార్కుడు. ఆ బొమ్మ కథ చెప్పదు, కథ మొదలవుతోందని చెబుతుంది. దానికి పాఠకుడి మనసు అలవాటు పడ్డాక, బొమ్మ మార్చడమే ద్రోహంగా తోస్తుంది. పునరుక్తి కూడా బొమ్మ చేసే పనుల్లో ఒకటి. కొత్తవారు దీన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

ఇంతవరకూ చెప్పినవాటన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న గుణాన్ని, వేరే మంచి మాట దొరికేదాకా, చదవనిచ్చే గుణం అనుకుందాం. పాఠకులను రప్పించడం ఎలా అన్న ప్రశ్నా, బొమ్మ మెరుగుపరచుకోవడం ఎలా అన్న ప్రశ్నా ఇక్కడ కలుస్తాయి. వీటిని వేరువేరు పనులుగా, ఒకటి బజారు పని, ఇంకొకటి కళాసాధనగా చూసినంతకాలం రెండూ కుదరవు.

ముందు బజారు సంగతి. వెబ్ కామిక్స్ తొలినాళ్ళలో పాఠకుడు ఒక కామిక్ నుంచి ఇంకో కామిక్‌కు లంకెలు పట్టుకుని వెళ్ళేవాడు. ఒకరి సెలవులో ఇంకొకరు అతిథిగా గీసిపెట్టేవారు. అది ఒక రకమైన ఇరుగుపొరుగు. రయాన్ నార్త్ 2006లో ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ అనే ప్రకటనల వ్యవస్థను నెలకొల్పాడు. వేలం పద్ధతిలో, రోజుకు కొన్ని సెంట్లు పెట్టగలిగినవాడు కూడా సాటి కామిక్ పక్కన తన చిన్న బొమ్మ పెట్టుకోవచ్చు. చాలామంది కొత్తవారికి తొలి పాఠకులు అలా దొరికారు. 2013 జులైలో గూగుల్ రీడర్ మూతపడింది. కొత్త బొమ్మ రాగానే దానంతటది పాఠకుడి ముందుకు వచ్చే దారి చాలామందికి మూసుకుపోయింది. 2018లో ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ కూడా మూతపడింది. ఇప్పుడు ఎవరి బొమ్మ ఎవరికి కనిపించాలో సామాజిక మాధ్యమాల యంత్రాంగాలు తేలుస్తాయి. రాకపోకల మార్గాలు ఇలా మారుతూనే ఉంటాయి. వాటిని నమ్ముకుని చెప్పే సలహాల ఆయుష్షు రెండు మూడేళ్ళు.

మారనిది ఒకటుంది. ఏ దారిన వచ్చినవాడైనా ఒక పేజీ చూసి, నచ్చితే వెనక్కి తిరిగి మొదటి నుంచి చదువుతాడు. అక్కడ ఐదు పేజీలే ఉంటే ఐదు నిమిషాల్లో ముగించి వెళ్ళిపోతాడు, మళ్ళీ గుర్తుంచుకుని రావడానికి కారణం ఉండదు. అందుకే ఐదు పేజీల కామిక్‌కు ప్రచారం చేయడం పెళ్ళి భోజనానికి పిలిచి పప్పు మాత్రమే వడ్డించడం లాంటిది. వెనక నిలవ ఉండాలి, ముందు వాయిదా తప్పకూడదు. మన్రో సోమ, బుధ, శుక్రవారాలు ఎంచుకున్నాడు. వారానికి ఒకటైనా చాలు, కాని ఆ వారం రావాలి. తెలుగు పాఠకులకు ఈ విషయం ఎవరూ బోధించనక్కర్లేదు. ఒకప్పుడు వారపత్రిక వచ్చే రోజున, సీరియల్ తరువాయి భాగం కోసం ఇంట్లో ఎవరు ముందు చదవాలని పంతాలు పోయిన జాతి ఇది. ఆ సీరియల్‌కు బాపు వేసిన బొమ్మ చూసి కథ ఊహించుకోవడం సగం సరదా.

నిలవ గురించి మాట్లాడితే పాత బొమ్మల ప్రశ్న తప్పదు. జెఫ్ జాక్స్ 2003లో మొదలుపెట్టిన క్వశ్చనబుల్ కంటెంట్ తొలి బొమ్మలకూ పదేళ్ళ తర్వాతి బొమ్మలకూ పోలికే లేదు. మొదట్లో అందరూ ఒకే భంగిమలో, పక్కకు తిరిగి, కదలకుండా నిలబడి మాట్లాడతారు. క్రమంగా భుజాలు సడలాయి, చేతులు సంభాషణలో పాల్గొన్నాయి, గదులకు లోతు వచ్చింది. జాక్స్ ఆ పాత బొమ్మలను తీసేయలేదు. మొదటి నుంచి చదివే పాఠకుడు పాత్రలతోపాటు ఒక చెయ్యి ఎదగడం కూడా చూస్తాడు, అది అతనికి రెండో కథ. అచ్చు పుస్తకానికి ఈ సౌకర్యం లేదు. చాలామంది కొత్తవారు దీన్ని వదులుకుంటారు. ముప్పై పేజీలు గీసేసరికి చెయ్యి కొంత తిరుగుతుంది, మొదటి పేజీలు చూసుకుంటే సిగ్గేస్తుంది, వెనక్కి వెళ్ళి మళ్ళీ గీయడం మొదలుపెడతారు. అది పూర్తయ్యేసరికి చెయ్యి ఇంకొంత మెరుగై, మళ్ళీ సిగ్గేస్తుంది. ఈ జబ్బుతో పోయిన వెబ్ కామిక్‌లు బొమ్మలు బాగాలేక పోయినవాటికంటే ఎక్కువ ఉంటాయనిపిస్తుంది.

తిరగగీయడం వల్ల జరిగే నష్టానికి వెబ్‌కు బయట కూడా గొప్ప ఉదాహరణ ఉంది. ఎర్జే గీసిన టిన్‌టిన్ కథల్లో ది బ్లాక్ ఐలండ్ మొదట 1938లో పుస్తకంగా వచ్చింది, 1943లో రంగుల్లో వచ్చింది. 1960లలో ఇంగ్లండు ప్రచురణకర్తలు ఆ కథ తమ దేశంలో జరిగినది గనక, రైళ్ళు, పోలీసుల దుస్తులు, దారులు, ఇళ్ళు సరిగా లేవంటూ 131 తప్పుల జాబితా పంపారు. ఎర్జే తన సహాయకుడు బాబ్ డి మూర్‌ను అక్కడికి పంపి అన్నీ చూసిరమ్మని, 1966లో కథ మొత్తం తిరిగి గీయించాడు. ప్రతి ఇంజనూ ఇప్పుడు కచ్చితమైనదే. కాని పాత పుస్తకం చూసిన విమర్శకులు చాలామంది దాన్నే ఇష్టపడతారు. వారిది గతం మీద మోజు కాదు. పాత బొమ్మల్లో పరుగు ఉంది, కొత్తవాటిలో వస్తువులు ఉన్నాయి.

ఐతే అదే ఎర్జే, బొమ్మ నిజంగా ఎలా మెరుగవుతుందో చూపడానికి కూడా పనికొస్తాడు. 1929లో మొదలైన తొలి టిన్‌టిన్ కథ సోవియట్ దేశంలో జరిగినది. ఆ బొమ్మలు హడావిడిగా, ముతకగా ఉంటాయి. తర్వాతి కథలన్నిటినీ ఆయన రంగుల్లోకి తెచ్చినా దీన్ని మాత్రం అలాగే వదిలేశాడు. 1934లో చైనా నేపథ్యంగా ది బ్లూ లోటస్ మొదలుపెట్టే ముందు బ్రస్సెల్స్‌లో శిల్పం చదువుకుంటున్న చాంగ్ చాంగ్-జెన్ అనే చైనా విద్యార్థితో ఆయనకు పరిచయమైంది. వీధి బోర్డుల మీద రాత నుంచి ఇళ్ళ కప్పుల దాకా ఏదీ ఊహించి గీయకూడదని, చూసి, అడిగి, తెలుసుకుని గీయాలని ఎర్జేకు అర్థమైంది అక్కడే. ఆ పుస్తకంలో గీత ఒక్కసారిగా స్థిమితపడుతుంది. చెయ్యి అంతకు ముందు ఏడాదీ అదే, మారినది చూపు. బ్లాక్ ఐలండ్ తిరగగీతకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఒకచోట పరిశీలన కథకు ముందు వచ్చింది, రెండోచోట అయిపోయిన కథ మీద పడింది.

వైద్యపట్టా పుచ్చుకున్న తెజుకా ఒసాము కథ కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. ఒసాకా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూనే బొమ్మల కథలు గీసి, చివరికి వైద్యం వదిలి గీతనే వృత్తి చేసుకున్నాడు. 1973లో మొదలైన బ్లాక్ జాక్‌లో శస్త్రచికిత్స ఘట్టాలు వచ్చినప్పుడు తెరిచిన కడుపులోని అవయవాలు పాఠ్యపుస్తకంలోలా నిజరూపంలో కనిపిస్తాయి, పక్కనే నిలబడ్డ మనుషులకు మాత్రం పిల్లల బొమ్మల్లాంటి ముక్కులు, గుండ్రటి కళ్ళు. శరీర నిర్మాణం రాక కాదు ఆయన మనుషుల్ని అలా గీసింది. ఎక్కడ కచ్చితం కావాలో, ఎక్కడ సరళం కావాలో తెలిసి గీశాడు. చిత్రకళ పుస్తకాలు ముందేసుకుని ఏడాది పాటు కండరాలు సాధన చేసి, ఒక్క పేజీ కథ కూడా గీయనివారు బ్లాక్ జాక్‌ను ఒకసారి చూడడం మంచిది.

మరి కొత్తవారు దేనితో మొదలుపెట్టాలి? అక్షరాలతో. ఇది విన్న చిత్రకారులు నొచ్చుకోవచ్చు. కాని పాఠకుడు పేజీ వదిలేసే మొదటి కారణం మాటలు చదవలేకపోవడం. రెండోది ఏ బుడగ ముందో తెలియకపోవడం. మూడోది ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోవడం. శరీర నిర్మాణం ఎక్కడో ఆరో స్థానంలోనో ఏడో స్థానంలోనో వస్తుంది. మందుల చీటీ రాసేవారి చేతిరాత గురించి లోకానికి ఉన్న అభిప్రాయం తెలిసినదే. దుకాణదారు ఊహించి మందివ్వగలడేమో గాని, కామిక్ పాఠకుడికి ఊహించాల్సిన బాధ్యత లేదు.

తెలుగులో గీసేవారికి ఈ అక్షరాల సమస్య ఇంగ్లీషులో కంటే చాలా పెద్దది. దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. అమెరికన్ కామిక్స్‌లో చేతిరాతంతా సంప్రదాయంగా పెద్దక్షరాలే. అన్నీ ఒకే ఎత్తు, కిందికి వేలాడే తోక ఉండదు. వరసల మధ్య వెంట్రుకవాసి ఖాళీ చాలు, బుడగ నిండుగా, ముద్దగా కుదురుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో వత్తు కింద వత్తు. వరసల మధ్య సరిపడా చోటు వదలకపోతే పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. చోటు వదిలితే బుడగ పెరిగి బొమ్మను మింగుతుంది. పైగా తెలుగు క్రియాపదం పొడవు. 'వెళ్ళిపోవలసివచ్చిందట' అన్నది ఒకే మాట. ఇంగ్లీషులో అదే నాలుగైదు చిన్న మాటలై ఇరుకు బుడగలో వరసలుగా సర్దుకుంటుంది. ఇంగ్లీషు కొలతకు కోసిన బుడగల్లో తెలుగు అనువాదాన్ని కుక్కితే ఏమవుతుందో, అనువాద కామిక్స్ చదివి పెరిగినవారి కళ్ళకు ఇంకా గుర్తుండేవుంటుంది. నిలువుగా జరుపుతూ చదివే ఫోను తెర మీద ఇది మరీ కష్టం. తెర వెడల్పే ఇరుకు. అందువల్ల తెలుగు వెబ్ కామిక్ గీసేవారు ముందు మాటలు రాసి, బుడగలు గీసి, మిగిలిన చోట్లో మనుషుల్ని నిలబెట్టాలి. అందరూ చేసేది దీనికి తలకిందులు. బొమ్మంతా పూర్తిచేసి, ఖాళీ దొరికిన మూలలో ఏదో ఒక యూనికోడ్ ఫాంటును అతికిస్తారు. బాపు తన చేతిరాతను బొమ్మలో భాగం చేసి చూపిన దేశంలో ఇలా జరగడం ఆశ్చర్యమే. ఆ రాత తలకట్టు వంపు, ఆయన గీసిన అమ్మాయి జడ వంపు ఒకే చేతివి.

ఇబ్బందులే కాదు, తెలుగు ఇచ్చే సదుపాయాలూ ఉన్నాయి. క్రియ చివర వస్తుంది, కాదన్న సంగతి ఆ క్రియ తోకలో వస్తుంది. 'నిన్ను నేను మర్చిపో...' అని ఒక బుడగ, గడి మారాక 'లేదు' అని ఇంకోటి. లేదా 'యాను'. ఇంగ్లీషులో ఆ 'నాట్' ముందే బయటపడిపోతుంది. గళ్ళ నడుమ ఖాళీకి ఇంతకంటే అనుకూలమైన వాక్యనిర్మాణం ఉంటుందా? అలాగే నువ్వు, మీరు, తమరు అన్న తేడాతో ఇద్దరి మధ్య సంబంధం ఒక్క అక్షరం గీయకుండా తెలిసిపోతుంది. మూడో గడిలో 'మీరు' కాస్తా 'నువ్వు' ఐతే అదే ఒక సంఘటన. ఇక ధ్వనులు. అనువాద కామిక్స్‌లో 'ఢాం', 'ధడ్' తప్ప ఇంకేమీ వినిపించదు. ఆకలి 'నకనక'లాడే భాష ఇది, ఒంటరి భయం 'బిక్కుబిక్కు'మనే భాష. చప్పుడు లేనివాటికి కూడా చప్పుడు పెట్టగల ఇలాంటి మాటలతో జపాన్ చిత్రకారులు పేజీలు నింపేశారు. తెలుగు చిత్రకారులు ఇంకా చాలినంత వాడుకోలేదు.

నిలువు తెర ప్రస్తావన వచ్చింది గనక కొరియా గురించి కొంత. తెర అంచులు లేని కాగితం లాంటిదనీ, కథను ఎంత పొడవైనా సాగనివ్వవచ్చనీ మెక్లౌడ్ 2000లో ఇంకో పుస్తకంలో ఊహించాడు. ఆ ఊహ అమెరికాలో ప్రయోగాలుగా మిగిలింది, కొరియాలో వాడుకైంది. 2003లో కాంగ్ ఫుల్ అనే యువకుడు డౌమ్ వెబ్‌సైటులో సుంజంగ్ మన్‌హ్వా అనే ప్రేమకథ మొదలుపెట్టాడు. అతనూ బొమ్మలు వేయడంలో నిపుణుడు కాడు, ఆ మాట కొరియా పాఠకులే అంటారు. ఐతే రెండు గళ్ళ నడుమ ఎంత తెల్లకాగితం వదిలితే పాఠకుడి వేలు ఎంతసేపు జరుగుతుందో అతనికి తెలుసు. పై అంతస్తు మనిషి, కింది అంతస్తు అమ్మాయి ఒకే లిఫ్టులో మౌనంగా నిలబడితే, ఆ మౌనం పొడవు అతను తెల్లటి ఖాళీతో కొలిచి ఇస్తాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2023లో, అతని మూవింగ్ టెలివిజన్ ధారావాహికగా వచ్చింది. దాని రచన కూడా అతనే చేశాడు.

తెలుగులో బొమ్మల కథలు గీసిన తొలితరంవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి ఒకరు. ఆయన గీసిన పంచతంత్రం 1960లలో ది ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో, ఇంగ్లీషు మాటలతో, దేశమంతా చదివింది. తెలుగు చిత్రకారుడికి విస్తారమైన పాఠకలోకం కావాలంటే భాష మార్చుకోవలసివచ్చిన కాలమది. ఇప్పుడు వెబ్‌లో పెట్టేవారికి ఆ అవసరం లేదనే అనిపిస్తుంది గాని, ప్రవాసంలో ఉన్నవారికి ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. డల్లస్‌లోనో దుబాయ్‌లోనో పెరుగుతున్న పిల్లలు చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. వారికోసం బుడగలో ఇంగ్లీషు లిపిలో తెలుగు రాస్తే చదువుతారు, చదివి నవ్వుతారు కూడా. తెలుగు లిపిలో రాస్తే దాటేస్తారు. పాఠకులను రప్పించడమే లక్ష్యమైతే ఇంగ్లీషు లిపి గెలుస్తుంది, అందులో సందేహం లేదు.

ఐతే బొమ్మల కథకు, కథకూ నవలకూ లేని వెసులుబాటు ఒకటుంది. అందులో చదవవలసినది ఒక గడికి మూడు నాలుగు మాటలు. బొమ్మ అర్థాన్ని సగం ముందే చెప్పివుంటుంది. జారిపడ్డ మనిషి నెత్తిన 'అబ్బా' అని ఉంటే, అక్షరాలు రాని పిల్లవాడు కూడా అది ఏ మాటో ఊహిస్తాడు. ఊహించినది అక్షరంతో పోల్చి చూసుకుంటాడు. అదే 'అ' తర్వాతి గడిలో 'అమ్మో'లో కనిపిస్తే రెండోసారి పోల్చుకుంటాడు. ఇది జరగాలంటే ఆ అక్షరం పెద్దదిగా, విడివిడిగా, వత్తు గుడిని గుద్దుకోకుండా ఉండాలి. కళ్ళు, ముక్కు ఎంత వంకరగా ఉన్నా ఫరవాలేదు.